మౌస్ ఆనిస్తే చాలు, క్రోమ్ క్రాష్: ఒక పాత బగ్ మీద రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూ ఫోన్ మీద కాదు, ఒక బగ్ మీద. 2015 సెప్టెంబర్ నాటిది. ఆండ్రిస్ అట్టేకా అనే పరిశోధకుడు బయటపెట్టాడు.

సరిగ్గా 16 అక్షరాల లింక్. దాన్ని క్లిక్ కూడా చేయక్కర్లేదు. మౌస్ దాని మీదికి వెళ్తే చాలు, అప్పటి క్రోమ్ 45 క్రాష్ అయ్యేది.

ఆ లింక్ చివర్లో ఉన్నదేమిటో చూడండి. రెండు పర్సెంట్ గుర్తులు, 30, ఇంకో పర్సెంట్ గుర్తు, మళ్లీ 30. వెబ్ అడ్రస్‌లలో 'పర్సెంట్ 30' అంటే సున్నా. ఒకసారి డీకోడ్ చేస్తే, అంటే ఆ కోడ్‌లని అసలు అక్షరాలుగా మారిస్తే, 'పర్సెంట్ 00' మిగులుతుంది. దాన్నే మళ్లీ డీకోడ్ చేస్తే నల్ క్యారెక్టర్, అంటే విలువ సున్నాగా ఉండే, కంటికి కనపడని గుర్తు. అడ్రస్‌లో అది ఉండనే కూడదు. అంటే ఒకచోట సరేనన్న అడ్రసే ఇంకోచోటికి వచ్చేసరికి చెల్లకుండా పోయింది. చెల్లని అడ్రస్ ఇక్కడిదాకా ఎందుకొస్తుందిలే అనే ధీమాతో రాసిన పాత కోడ్, అది రాగానే చేతులెత్తేసింది.

సెక్యూరిటీ లోపాలు పట్టిచ్చిన వాళ్లకి గూగుల్ బహుమతి ఇస్తుంది, కానీ దీనికి ఇవ్వలేదు. బ్రౌజర్ ఆగిపోవడం తప్ప డేటా ఏమీ పోదు కాబట్టి, వాళ్ల లెక్కలో ఇది సెక్యూరిటీ లోపం కాదు. రూల్ ప్రకారం కరెక్టే. కానీ క్లిక్ కూడా అక్కర్లేని క్రాష్‌ని మామూలు బగ్‌ల గంపలో పడేయడం నాకైతే నచ్చలేదు. గూగుల్ తీరుకి పదికి ఐదు మార్కులిస్తా.

క్రాష్‌లన్నీ ఒకటే అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఐఫోన్లని ఆడించింది, గుర్తుందా? 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక క్యారెక్టర్ ఇరికించి పంపితే యాప్‌లు వరసగా మూతపడేవి. అందరూ జోక్‌లా ఫార్వర్డ్ చేసుకున్నారు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌కి 11.2.6 అప్‌డేట్ ఇచ్చింది, దాని నోట్‌లో మెమరీ పాడయ్యే అవకాశం ఉందని రాసింది. అది వేరే లెవెల్. మెమరీ పాడైతే అక్కడి నుంచి దాడికి దారి దొరకొచ్చు. క్రోమ్ బగ్‌లో అలాంటిదేమీ లేదు.

ఇప్పుడు మీకు అలాంటి పేజీ తగిలితే టెన్షన్ పడొద్దు. బ్రౌజర్ మళ్లీ తెరిచాక, పాత ట్యాబ్‌లు తెరవమంటారా అని అడిగితే వద్దనండి. తెరిస్తే ఆ పేజీ కూడా తిరిగొస్తుంది. తర్వాత అప్‌డేట్ ఉందేమో చూడండి.