సరుకు ఇచ్చినవారికి సకాలంలో డబ్బు: ఉపాధి విధానంలో మరుగున పడిన అంశం

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, పరిశ్రమలు నడుపుతున్న మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఉద్యోగాలు ఎలా పెంచాలన్న చర్చ మన దేశంలో సాధారణంగా పెద్ద పెట్టుబడుల ఒప్పందాలతోనో, రుణ పథకాలతోనో మొదలవుతుంది. ఆ రెండింటికీ వాటి స్థానం ఉంది. నేను మాత్రం ఈ రోజు, సరుకు తయారు చేసి ఇచ్చిన చిన్న పరిశ్రమకు దాని డబ్బు ఎప్పుడు చేతికి అందుతోంది అన్న ప్రశ్నతో మొదలుపెడతాను. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం చేయగలిగిన సాయాలన్నింటిలో ఖర్చు తక్కువైనదీ ఫలితం ఎక్కువైనదీ ఒక్కటే: తాను ఇవ్వవలసిన డబ్బు సకాలంలో ఇవ్వడం, పెద్ద సంస్థల చేత ఇప్పించడం. ఇది నా దృఢమైన అభిప్రాయం.

ముందు ఈ రంగం పరిమాణం చూద్దాం. 2015–16లో జరిగిన జాతీయ నమూనా సర్వే 73వ విడత ప్రకారం వ్యవసాయేతర రంగంలో సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలు సుమారు 6.34 కోట్లు. వాటిలో పనిచేస్తున్నవారు సుమారు 11.10 కోట్ల మంది. అంటే సగటున ఒక్కో సంస్థలో యజమానితో కలిపి ఇద్దరు కూడా లేరు. 99 శాతానికి పైగా సూక్ష్మ సంస్థలే. నా దృష్టిలో ఉపాధి సమస్య అసలు రూపం ఇదే. సంస్థలకు కొరత లేదు, అవి పెరగడం లేదు. ఈ సంస్థల్లో పదింట ఒకటి ఒక్క మనిషిని అదనంగా పెట్టుకోగలిగినా 60 లక్షలకు పైగా ఉద్యోగాలు వస్తాయి. ఏ ఒక్క భారీ కర్మాగారమూ అన్ని ఉద్యోగాలు ఇవ్వలేదు. కాబట్టి విధానకర్తలు వేసుకోవలసిన ప్రశ్న, ఇద్దరున్న చోట మూడో మనిషిని ఎందుకు పెట్టుకోలేకపోతున్నారు అన్నది.

ఈ ప్రశ్నకు ప్రభుత్వాలు కాలానుగుణంగా వేరువేరు సమాధానాలు ఇచ్చాయి. 1967లో 47 వస్తువుల తయారీని చిన్న పరిశ్రమలకే కేటాయించారు. ఆ జాబితా పెరిగి పెరిగి ఎనిమిది వందలు దాటింది. ఆ విధానం చిన్న పరిశ్రమను పోటీ నుంచి కాపాడింది కాని, పెరిగితే రక్షణ పోతుందన్న భయాన్ని కూడా దానితో పాటే ఇచ్చింది. క్రమంగా కుదించుకుంటూ వచ్చి 2015 ఏప్రిల్‌లో మిగిలిన 20 వస్తువులనూ జాబితా నుంచి తీసేశారు. ఈలోగా రుణ పథకాల యుగం వచ్చింది. హామీ లేని రుణాలకు పూచీగా నిలిచే క్రెడిట్ గ్యారంటీ ట్రస్టు 2000లో, ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం 2008లో, ముద్ర యోజన 2015 ఏప్రిల్‌లో, కోవిడ్ కాలంలో అత్యవసర రుణ హామీ పథకం 2020లో వచ్చాయి. వీటివల్ల మేలు జరగలేదని నేను అనను. వడ్డీ వ్యాపారి తప్ప దిక్కులేని లక్షలాది మంది మొదటిసారి బ్యాంకు గడప తొక్కారు. అయితే రుణం వ్యాపారం మొదలుపెట్టడానికి పనికొస్తుంది. మూడో మనిషిని పెట్టుకోవాలంటే మాత్రం ప్రతి నెలా జీతం ఇవ్వగలనన్న నమ్మకం యజమానికి ఉండాలి. ఆ నమ్మకం వచ్చేది ఆర్డరు వల్ల, ఆ ఆర్డరు తాలూకు బిల్లు సొమ్ము చెప్పిన తేదీకి రావడం వల్ల.

హైదరాబాద్ పారిశ్రామిక చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, హెచ్ఎంటీ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు వచ్చిన తర్వాత వాటికి విడిభాగాలు చేసిపెట్టే లేత్ షాపులు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు బాలానగర్, చర్లపల్లి వంటి ప్రాంతాల్లో విస్తరించాయి. పక్కనే కొనేవారు ఉన్నారు. 1968లో బాలానగర్‌లో ఏర్పడిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థలో పని నేర్చుకున్న యువకులు ఉన్నారు. ఆర్డరు, నైపుణ్యం ఒకచోట కలిసినప్పుడు ఉపాధి పెరిగింది. రాయితీల ప్రసక్తి ఆ తర్వాతిది.

ఇప్పుడు ఆలస్యం ఎలా దెబ్బతీస్తుందో లెక్క వేసి చూద్దాం. నెలకు 10 లక్షల రూపాయల అమ్మకాలున్న ఒక యూనిట్‌ను ఊహించుకోండి. సంవత్సరానికి 1.20 కోట్లు. 1990ల ఆరంభంలో పి.ఆర్. నాయక్ కమిటీ సిఫారసు చేసిన పద్ధతిలో, బ్యాంకులు చిన్న పరిశ్రమల అంచనా టర్నోవరులో, అంటే ఏడాది అమ్మకాల అంచనాలో, 20 శాతాన్ని రోజువారీ నడకకు కావలసిన నిర్వహణ మూలధనంగా ఇస్తాయి, యజమాని 5 శాతం తెచ్చుకోవాలి. అంటే బ్యాంకు సీసీ లిమిట్ (అవసరం మేరకు వాడుకోగల అప్పు పరిమితి) 24 లక్షలు, యజమాని వాటా 6 లక్షలు, మొత్తం 30 లక్షలు. ఇది సరిగ్గా మూడు నెలల అమ్మకాలకు సమానం. ముడిసరుకు కొన్న రోజు నుంచి డబ్బు తిరిగి వచ్చే రోజు వరకు మూడు నెలలకు మించదన్న ఊహ ఈ లెక్కలోనే ఇమిడి ఉంది. కొనుగోలుదారు 45 రోజుల్లో చెల్లిస్తే ఈ సొమ్ముతో యూనిట్ హాయిగా నడుస్తుంది. నాలుగు నెలలకు చెల్లిస్తే 40 లక్షల బిల్లులు బయట ఉండిపోతాయి. లాభాన్ని పక్కన పెట్టి చూసినా ఉన్న సొమ్మంతా అక్కడే చిక్కుకుపోగా, మరో 10 లక్షల వరకు ఎక్కడినుంచో తేవాలి. పైగా మూడు నెలలు దాటిన బిల్లులను బ్యాంకులు సాధారణంగా లిమిట్ లెక్కలోకి తీసుకోవు. అంటే డబ్బు అత్యవసరమైన సమయంలోనే బ్యాంకు నుంచి తీసుకోగలిగిన మొత్తం తగ్గిపోతుంది.

దీనికి జీఎస్‌టీ తోడవుతుంది. పన్ను బాధ్యత సాధారణంగా ఇన్వాయిస్‌తో ఏర్పడుతుంది, డబ్బు రావడంతో కాదు. కొనుగోలుదారు ఒక్క రూపాయి ఇవ్వకపోయినా, అమ్మినవారు ఆ బిల్లు మీది పన్నును గడువులోగా ప్రభుత్వానికి కట్టాలి. బయటి నుంచి అధిక వడ్డీకి అప్పు తెస్తారు. బ్యాంకు కిస్తు 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తిగా, అంటే మొండి బాకీగా మారుతుంది. మంచి ఆర్డర్లుండి, మంచి సరుకు తయారు చేసి, లాభం కూడా ఉన్న యూనిట్ ఇలా మూతపడడం మార్కెట్ పోటీలో ఓడిపోవడం కాదు. అది అన్యాయం. యూనిట్ మూతపడకపోయినా యజమాని ఒక పాఠం నేర్చుకుంటాడు: కొత్త ఆర్డరు వచ్చినా కొత్త మనిషిని పెట్టుకోకూడదు, ఉన్నవారి చేతే ఓవర్‌టైమ్ చేయించాలి. మన ఉపాధి గణాంకాల్లో కనిపించని నష్టం ఇదే.

చట్టం లేక ఇలా జరుగుతోందా అంటే, లేదు. ఆలస్యపు చెల్లింపులపై వడ్డీ కోసం 1993లోనే ఒక చట్టం చేశారు. దాని స్థానంలో 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ఇంకా గట్టిది. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు లేదా సేవ తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఒప్పందం ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. బ్యాంకు రేటు 6 శాతం ఉందనుకుంటే వడ్డీ 18 శాతం. ఫిర్యాదును ఈ చట్టం కింద రాష్ట్రాలు ఏర్పాటు చేసే ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. ఆ తీర్పును సవాలు చేయదలచిన కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

లోపం ఎక్కడుందంటే, ఈ చట్టం కదలాలంటే చిన్న యజమాని తన పెద్ద కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేయాలి. ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారుల మీద ఆధారపడి బతికే యూనిట్ ఆ పని ఎలా చేస్తుంది? ఫిర్యాదు చేసిన మరుసటి నెల నుంచి ఆర్డర్లు రావని ఇక్కడున్న మీకందరికీ తెలుసు. అందుకే చాలామంది వ్యాపారం పూర్తిగా తెగిపోయిన తర్వాతే కౌన్సిల్ దగ్గరకు వెళతారు. అప్పటికి కాపాడుకోవడానికి ఉద్యోగాలు మిగలవు.

ఈ చిక్కును గుర్తించిన ప్రయత్నం, 2023 ఫైనాన్స్ చట్టం ద్వారా ఆదాయ పన్ను చట్టం 43బి సెక్షన్‌లో చేర్చిన హెచ్ క్లాజు. గడువులోగా చెల్లించని బిల్లును కొనుగోలుదారు ఆ సంవత్సరం ఖర్చుగా చూపుకోలేడు, చెల్లించిన సంవత్సరంలోనే చూపుకోవాలి. ఫిర్యాదు అవసరం లేకుండా ఒత్తిడి పనిచేస్తుంది కాబట్టి దీనిని నేను మనసారా స్వాగతించాను. కాని మూడు పరిమితులు గమనించాలి. మే నెల బిల్లును ఫిబ్రవరిలో చెల్లించినా అదే ఆర్థిక సంవత్సరం కాబట్టి కొనుగోలుదారుకు ఏ నష్టమూ లేదు, ఒత్తిడి అంతా మార్చి చివరలోనే. నమోదు చేసుకున్న చిన్న సంస్థలను వదిలి ఇతరుల దగ్గర కొంటారేమోనన్న ఆందోళన వ్యాపార సంఘాల నుంచి వచ్చింది, అది కొట్టిపారేయదగినది కాదు. అన్నింటికంటే ముఖ్యంగా, ఆదాయ పన్ను కట్టని ప్రభుత్వ శాఖల మీద ఈ క్లాజు ప్రభావమే లేదు.

రావలసిన బిల్లుల మీద ఆన్‌లైన్‌లో ముందుగానే సొమ్ము తెచ్చుకునే ట్రెడ్స్ వేదికలు మరో మంచి మార్గం. రిజర్వు బ్యాంకు 2014లో మార్గదర్శకాలు ఇవ్వగా 2017 నుంచి ఇవి పనిచేస్తున్నాయి. కొనుగోలుదారు అంగీకరించిన బిల్లును బ్యాంకులు పోటీపడి డిస్కౌంటు చేసి, అంటే కొంత మినహాయించుకుని, అమ్మినవారికి వెంటనే సొమ్ము ఇస్తాయి. తర్వాత కొనుగోలుదారు చెల్లించకపోతే ఆ భారం అమ్మినవారి మీద పడదు. మొదట 500 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలకు నమోదు తప్పనిసరి చేసి, 2024 నవంబరులో ఆ పరిమితిని 250 కోట్లకు తగ్గించారు. అయితే నమోదు కావడం వేరు, బిల్లును అక్కడ అంగీకరించడం వేరు. అంగీకారం కొనుగోలుదారు ఇష్టం మీద ఉన్నంతకాలం తలుపు తీసి గడియ వేసినట్టే.

2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన గురించి కూడా ఒక మాట చెప్పాలి. దీనికి 99,446 కోట్ల రూపాయలు కేటాయించారు. కొత్తగా ఉద్యోగం ఇచ్చే యజమానికి ఒక్కో ఉద్యోగిపై నెలకు 3,000 రూపాయల వరకు ప్రోత్సాహకం వస్తుంది. 50 మంది కంటే తక్కువ ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా చేర్చుకోవాలి, ఆరు నెలలు కొనసాగించాలి. ఉద్దేశం గొప్పది. కాని భవిష్యనిధి నమోదు ఉన్న సంస్థలకే ఇది అందుతుంది. 20 మంది లోపు ఉన్న సంస్థలకు సాధారణంగా ఆ నమోదు తప్పనిసరి కాదు కాబట్టి మనం మొదట చెప్పుకున్న ఇద్దరు మనుషుల సంస్థల్లో అధిక భాగం దీని బయటే ఉంటాయి. పైగా ఆరు నెలల తర్వాత వచ్చే ప్రోత్సాహకం కోసం ఇద్దరికి ఆరు నెలల జీతాలు ముందుగా ఇవ్వాలంటే, మళ్లీ ఆ బిల్లుల సొమ్మే కావాలి.

కాబట్టి నా మొదటి సూచన, గడువు లెక్కించే బాధ్యతను చిన్న యజమాని భుజాల మీద నుంచి తీసేయండి. జీఎస్‌టీ చట్టం ప్రకారం సరుకు అందితేనే కొనుగోలుదారు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలి, అంటే కొనుగోలు మీది పన్నును తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకోవాలి. ఒక బిల్లు మీద క్రెడిట్ తీసుకున్న సంస్థ, సరుకు తనకు అందిందని ప్రభుత్వానికి స్వయంగా చెప్పినట్టే. క్రెడిట్ కోరే రిటర్నులు జీఎస్‌టీ పోర్టల్‌లోనే దాఖలవుతాయి. 180 రోజుల్లో చెల్లించకపోతే ఆ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలన్న నియమం కూడా ఇప్పటికే ఉంది. ఆ 180 రోజులను సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లుల విషయంలో 45 రోజులుగా మార్చి, క్రెడిట్ తీసుకున్న రోజు నుంచి గడువును వ్యవస్థే లెక్కించేటట్టు చేస్తే, ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయనవసరం లేదు.

రెండో సూచన ప్రభుత్వాలకే. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలన్న నియమం ఉంది. ఎంత కొన్నారో చెప్పే నివేదికతో పాటు, ఎన్ని రోజుల్లో చెల్లించారో శాఖలవారీగా ప్రతి మూడు నెలలకూ ప్రకటించాలి. రాష్ట్ర ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు కూడా ట్రెజరీలో నిలిచిపోయిన బిల్లుల వయసును బయటపెట్టాలి, వాటిని ట్రెడ్స్ వేదికల మీదకు తేవాలి. పారిశ్రామిక విధానాల్లో ప్రకటించిన పెట్టుబడి రాయితీ, విద్యుత్ రాయితీ సంవత్సరాల తరబడి రాకపోతే, వాటిని నమ్ముకుని రుణం తీసుకున్న యూనిట్ రాయితీ ప్రకటించనప్పటికంటే ఎక్కువ నష్టపోతుంది. కొత్త విధానం ప్రకటించే ముందు పాత విధానం కింద మంజూరైన బకాయిలు తీర్చే తేదీ కూడా ఆ పత్రంలోనే ఉండాలి.

చివరగా పరిశ్రమల మిత్రులకు. ఉద్యమ్ నమోదు (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) లేనివారు ఆర్డరు ఒప్పుకునే ముందే చేయించుకోండి, తర్వాత చేయించుకున్న నమోదు పాత ఆర్డర్లకు రక్షణ ఇస్తుందని ఆశ పెట్టుకోవద్దు. బిల్లు మీద నమోదు సంఖ్య, చెల్లింపు గడువు ముద్రించండి, సరుకు అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. ఒంటరిగా ఫిర్యాదు చేయలేనివారి తరఫున సంఘాలు కొనుగోలుదారుల వారీగా బకాయిల పట్టిక తయారు చేసి, సభ్యుల పేర్లు బయటపెట్టకుండా, పరిశ్రమల శాఖ ముందు మూడు నెలలకోసారి ఉంచగలవు. ఆ పనికి కొత్త చట్టం అక్కరలేదు, ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. రాబోయే త్రైమాసికం నుంచే మొదలుపెట్టవచ్చు.