కరగకుండా అతుక్కునే లోహం

మిత్రులారా, నమస్కారం.

హెలికాప్టర్ గేర్‌బాక్స్ పైతొడుగును బరువు తగ్గాలని తరచుగా మెగ్నీషియంతో పోత పోస్తారు. ఉక్కు బోల్టు ఆనిన చోట తేమ చేరిందంటే మెగ్నీషియాన్ని తుప్పు తినేస్తుంది. గోరంత గుంట పడుతుంది. వెల్డింగ్‌తో నింపుదామంటే ఆ వేడికి పోత వంకర పోతుంది, బేరింగ్ కూర్చునే చోట కొలత తప్పుతుంది. గోరంత గుంట కోసం మొత్తం తొడుగునే పక్కన పడేయాలా? లోహపు పొడిని కరిగించకుండా వేగంగా కొట్టి అతికించే ‘కోల్డ్ స్ప్రే’ పనిలోకి నన్ను లాగింది ఆ ప్రశ్నే.

1980ల్లో సోవియట్ సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో అనతోలీ పపీరిన్ బృందం గాలి సొరంగంలో ప్రయోగాలు చేస్తోంది. ధ్వనిని మించిన వేగంతో వీచే వాయువులో లోహపు పొడి కలిపి ఒక వస్తువు మీదికి వదిలారు. కొంత వేగం వరకు రేణువులు ఇసుకలా ఒరుసుకుపోయాయి. ఆ వేగం దాటాక అతుక్కోవడం మొదలుపెట్టాయి. కోల్డ్ స్ప్రే పుట్టింది అక్కడే.

గోడకు పిడక కొట్టడం చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. మెల్లగా ఆనిస్తే జారిపోయే ముద్ద విసురుగా కొడితే పట్టుకుంటుంది. ఇక్కడ ముద్ద బదులు వెంట్రుక కన్నా సన్నని లోహపు రేణువు. రాగి రేణువైతే సెకనుకు సుమారు 500 మీటర్ల వేగం దాటాలి. గుద్దుకున్న క్షణంలో అది అప్పంలా చదునై, పైనున్న ఆక్సైడ్ పొర చిట్లి, లోపలి శుభ్రమైన లోహం అవతలి లోహాన్ని నేరుగా తాకుతుంది. కరగదు.

వాయువును వందల డిగ్రీలకు వేడి చేస్తారు కదా, మరి ‘కోల్డ్’ ఎలా అవుతుందని అడుగుతారు. ఆ వేడి వేగం కోసం. మధ్యలో నడుము సన్నబడిన గొట్టం, అంటే నాజిల్‌లో, ఆ నడుము దాటగానే వాయువు వ్యాకోచించి వేగం పుంజుకుని చల్లబడుతుంది. రేణువు కరిగే స్థితికి చేరదు.

మన తొడుగు సంగతికొస్తే, తుప్పు పట్టిన మేర చెక్కేసి, అల్యూమినియం పొడిని పొరలు పొరలుగా కొట్టి, మళ్లీ కొలతకు మెషినింగ్ చేస్తారు. 2008లో అమెరికా రక్షణ శాఖ కోల్డ్ స్ప్రేకు ఒక ప్రమాణాన్నే విడుదల చేసింది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పదార్థాల పరిశోధన సంస్థలో కూడా దీనిపై పరిశోధన జరుగుతోంది.

అన్నిటికీ ఇది పనికిరాదు. నాజిల్‌కు ఎదురుగా కనబడని మూలకు పూత చేరదు. పెళుసైన సిరామిక్ పొడి ఒక్కటే వాడితే చెదిరిపోతుంది. హీలియం వాడితే పూత గట్టిగా వస్తుంది, కానీ ఖర్చు భరించడం కష్టం. అందుకే నైట్రోజన్‌తో సరిపెట్టుకునే చోట్లే ఎక్కువ.

ఇదిగో, అల్యూమినియం మీద అల్యూమినియం కొట్టి నున్నగా చేసిన ముక్క. ఒకరి తర్వాత ఒకరు అందుకోండి. అతుకు ఎక్కడుందో గోటితో తడిమి చెప్పండి.