తుపాకి దించినవారికీ మార్కులిచ్చే పోటీ

అందరికీ నమస్కారం. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలకు మరోసారి నమస్కారం.

వేట అన్న మాట వినగానే మనలో చాలామందికి మనసు ఒప్పదు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో పెరిగినవాళ్లం. అక్కడ వేట నేరం, అలాగే ఉండాలి కూడా. కానీ మనం కాపురం ఉంటున్నది అమెరికాలోని పెన్సిల్వేనియాలో. ఇక్కడ నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండుగ దాటిన శనివారం జింకల రైఫిల్ సీజన్ మొదలవుతుంది. మీ అబ్బాయి క్లాస్‌మేట్ వాళ్ల తాతతో కలిసి అడవికి వెళ్తాడు. "నాన్నా, నేనూ వెళ్లనా?" అని మీవాడు అడిగే రోజు వస్తుంది. వెళ్లమన్నా వద్దన్నా, తెలిసి చెప్పాలి. వేటలో భద్రత నేర్పే హంటర్ ఎడ్యుకేషన్ తరగతుల్లో స్వచ్ఛందంగా పాఠాలు చెబుతున్నాను కనుక ఆ తెలియాల్సింది మీ ముందు పెడతాను.

ఈ దేశంలో యూత్ హంటర్ ఎడ్యుకేషన్ ఛాలెంజ్ అనే పోటీ ఉంది. తుపాకి హక్కుల కోసం పనిచేసే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ దీన్ని 1985లో మొదలుపెట్టింది. ఆ సంస్థ రాజకీయాల మీద మీకు గట్టి అభిప్రాయాలు ఉండవచ్చు, ఇవాళ ఆ చర్చలోకి వెళ్లను. హంటర్ ఎడ్యుకేషన్ తరగతి పూర్తిచేసిన పిల్లలకే ఇందులో ప్రవేశం. మొత్తం ఎనిమిది అంశాలు. రైఫిల్, షాట్‌గన్, విల్లు, గొట్టంలో మందు కూరి కాల్చే పాతకాలపు తుపాకి: ఈ నాలుగింటిలో గురి చూస్తారు. మిగతా నాలుగు వేరు. మ్యాపు, దిక్సూచి పట్టుకుని దారి కనుక్కోవడం, జంతువుల్ని గుర్తుపట్టడం, రాతపరీక్ష, సేఫ్టీ ట్రైల్. అంటే సగం పోటీలో గురికి పనే లేదు. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ సగం గురించే.

సేఫ్టీ ట్రైల్ అంటే చెట్ల మధ్య ఒక కాలిబాట. మలుపు మలుపుకీ ఒక సన్నివేశం సిద్ధం చేసి ఉంచుతారు. గుట్ట అంచున బొమ్మ జింక నిలబడి ఉంటుంది, వెనక ఆకాశం తప్ప ఇంకేమీ ఉండదు. కాల్చాలా, వద్దా? వద్దు. గురి తప్పితే తూటా ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. పిల్లలకు మొదట చేతికిచ్చే చిన్న పాయింట్ 22 తూటా కూడా మైలు దాటి పోగలదు. ఇంకోచోట జింక పక్కకు తిరిగి నిలబడి ఉంటుంది, తేలికైన గురి. కానీ పొదల సందులో వేటగాళ్లు వేసుకునే నారింజ రంగు గుడ్డ ముక్క కనిపిస్తోంది. అంటే అక్కడ మనిషి ఉన్నాడు. మరో మలుపులో కంచె అడ్డం వస్తుంది. ముందు తుపాకి ఖాళీ చేయాలి, గొట్టం మనుషుల వైపు లేకుండా దాన్ని కంచె అవతల పెట్టాలి, ఆ తర్వాతే దాటాలి. ముగ్గురు పక్కపక్కన నడుస్తుంటే మధ్యవాడు ఎదురుగా తప్ప ఎటూ గురి పెట్టకూడదు.

ఇవన్నీ తరగతిలో చెప్పేవే. అడిగితే ప్రతి పిల్లా ఠకీమని సరైన జవాబు చెబుతుంది. మరి పోటీ ఎందుకు? అడవిలో ప్రమాదం తెచ్చేది తెలియకపోవడం ఒక్కటే కాదు, తొందర కూడా. జింక కనిపించగానే గుండె వేగం పెరుగుతుంది. పక్కన స్నేహితుడున్నాడు, వాడికంటే ముందు కొట్టాలనిపిస్తుంది. ఆ తొందరను తరగతి గదిలో పుట్టించలేం. పోటీలో అది దానంతట అదే పుడుతుంది, అక్కడ ఉన్నవి బొమ్మ జింకలే అయినా. అలాంటి ఒత్తిడిలో ఒక పన్నెండేళ్ల అమ్మాయి తుపాకి దించి, "కాల్చను, వెనక ఇల్లుంది" అన్నదనుకోండి, జడ్జి మార్కులు వేస్తాడు, జట్టువాళ్లు చప్పట్లు కొడతారు. ఆగడం కూడా గెలుపేనని ఆ వయసులో ఒంటికి పట్టాలి. దానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

జంతువుల్ని గుర్తుపట్టే పరీక్షలోనూ ప్రాణాలు కాపాడే విషయమే ఉంది. ఇక్కడ వసంతకాలపు సీజన్‌లో ఛాతీ మీద గడ్డంలా వెంట్రుకల కుచ్చు ఉన్న టర్కీ కోళ్లనే కొట్టాలి. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో ఆ రంగుల బట్టలు వేసుకుని అడవిలోకి వెళ్లొద్దని పిల్లలకు పదేపదే చెబుతాం. పొదల్లో ఎర్రటి టోపీ కదిలితే పక్షి తలనుకుని కాల్చిన సంఘటనలు జరిగాయి. కనిపించింది ఏమిటో పూర్తిగా తేలేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

మన ఊళ్లలో అడవిపందుల కోసం కరెంటు తీగలు పెడితే, రాత్రిపూట పొలానికి వెళ్లిన రైతులు తగిలి చనిపోయిన వార్తలు మీరంతా చదివే ఉంటారు. తీగకు కళ్లు లేవు, ఎదుట ఏముందో చూడదు. ఈ పిల్లలకు నేర్పేది సరిగ్గా ఆ చూపునే.

తల్లిదండ్రులకు ఒక మనవి. ర్యాంకుల పిచ్చిని ఇక్కడికి తేకండి. బయట నిలబడి "కొట్టు, కొట్టు" అని అరిస్తే ఈ పోటీ పెట్టిందే వృథా అవుతుంది. మీవాడి బాణం విరిగితే ప్రత్యర్థి జట్టు పిల్ల తన బాణం తీసి ఇస్తుంది, అది చూసి సంతోషించండి. ఇంట్లో తుపాకి ఉంటే తాళం వేసి ఉంచండి, తూటాలు వేరే చోట, వేరే తాళంలో పెట్టండి. చెట్టు మీద మంచె కట్టి కూర్చునేవాళ్లు ఒంటికి బెల్టు లేకుండా ఎక్కకూడదు, వేటలో మంచె మీంచి పడి దెబ్బలు తగిలేవాళ్లు చాలామంది.

ఈ రాష్ట్రంలో హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్‌కు పదకొండేళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లను విల్లు, దిక్సూచితో మొదలుపెట్టించండి. తరగతిలో పిల్లల పక్కన మీరూ కూర్చోండి.

ఆ మూల బల్ల మీద పుర్రెలు, తోళ్లు, అడుగుల అచ్చులు పెట్టాను. అచ్చుల్లో ఒకటి కుక్కజాతికి చెందిన కయోటీది, ఒకటి పిల్లిజాతికి చెందిన బాబ్‌క్యాట్‌ది. గోళ్ల గుర్తులు ఎందులో పడ్డాయో చూసి, ఏది ఎవరిదో పిల్లలు నాకు చెప్పాలి. పెద్దవాళ్లు అందించొద్దు. రండి.