ఫోన్-ఇన్: వడ్డనకు ముందే పక్కన పెడితే

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. మన ఊళ్లో మిగిలే భోజనం ఆకలితో ఉన్నవాళ్లకు చేరాలంటే మనలాంటి మామూలు వాళ్లం ఏం చేయొచ్చు? ఇవాళ దీని గురించే మాట్లాడుకుందాం. విజయవాడలో పన్నెండేళ్లుగా పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో మిగిలిన భోజనం తీసుకెళ్లి పంచుతున్న సార్ మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, ఎక్కడి నుంచండీ?

శ్రోత: తాడేపల్లిగూడెం నుంచండి. వచ్చే నెల మా అమ్మాయి పెళ్లండి, ఎనిమిది వందల మందికి వండిస్తున్నాం. రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా అబ్బాయి పెళ్లికి బోలెడంత మిగిలిపోయిందండి. రాత్రి పదకొండింటికి ఎవరో నంబరిస్తే ఫోన్ చేశాం. వాళ్లు పాపం ఒంటిగంటకు వచ్చారు. మూత తీసేసరికి అన్నం వాసనొచ్చేసింది. రెండు గంగాళాల అన్నం తెల్లారి గొయ్యి తీసి పూడ్చాం. మా ఆవిడ ఏడ్చేసిందండి. ఈసారి అలా జరగకూడదు.

సలహాదారు: మీ ఆవిడ గారి బాధ నాకు తెలుసండీ. అలాంటి గంగాళాలు నేనూ చాలా చూశాను. మాకు అర్ధరాత్రి వచ్చే ఫోన్లే ఎక్కువ. అప్పటికి వంటవాళ్లు పొయ్యిలు ఆర్పేసి సామాను సర్దేసుంటారు, తినాల్సినవాళ్లు పడుకుని ఉంటారు. ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్న వాళ్లను లేపితే పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు. అలా లేపి పెట్టడం నాకు మనసొప్పదు. మీ ముహూర్తం ఎన్నింటికి?

శ్రోత: రాత్రి పదీ ఇరవైకండి. భోజనాలు ఏడింటి నుంచే మొదలు.

సలహాదారు: అయితే ఇవాళే వంటమేస్త్రితో మాట్లాడండి. అన్నం మొత్తం సాయంత్రమే వండేయొద్దు, విడతలుగా వండమనండి. ఎనిమిదిన్నరకు ఎంతమంది తిన్నారో, ఇంకా ఎంతమంది రావాలో చూసుకుని ఆఖరి విడత పొయ్యి మీద పెట్టాలో వద్దో తేల్చుకోవచ్చు. వండని బియ్యం బస్తాలోనే ఉంటుంది, దానికి మా అవసరమే రాదు. ఆ లెక్క చూసే పని మీ బావమరిదికో, తమ్ముడి కొడుక్కో అప్పజెప్పండి. మీరు పీటల మీద ఉంటారు కాబట్టి మీవల్ల కాదు. పంచేవాళ్లకు వారం ముందే చెప్పి ఉంచండి, ఆ రాత్రి ఎనిమిదిన్నరకల్లా ఫోన్ వెళ్లిపోవాలి.

శ్రోత: మరి ఏది ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదండి?

సలహాదారు: వడ్డనకు వెళ్లకముందే వంటశాలలోనే పక్కన పెట్టినది ఇవ్వండి. బఫే మీదకు వెళ్లొచ్చిన కూర నేను తీసుకోను. అందులో ఎన్ని చేతులు పడ్డాయో ఎవరికీ తెలియదు. వేడివేడి అన్నం, పప్పు, సాంబారు, పులిహోర, లడ్డూలాంటి స్వీట్లు బాగుంటాయి. కొబ్బరి చట్నీ, పెరుగుపచ్చడి, పెరుగన్నం వద్దు, దారిలోనే పులిసిపోతాయి. మాంసం ఉంటే ఇంకా జాగ్రత్త, వేడి తగ్గిందంటే ముట్టుకోను.

అన్నం గురించి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. వండినా అది పూర్తిగా చావదు, విత్తనంలా దాక్కుంటుంది. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే మళ్లీ పెరిగి విషం వదులుతుంది. ఆ తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే అన్నం 60 డిగ్రీల పైన వేడిగా అయినా ఉండాలి, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు చల్లగా అయినా ఉండాలి. వేడి తగ్గాక రెండు గంటల్లో తినేసేలా చూడాలి. నేను గంగాళం దగ్గరికి వెళ్తే పైపైన చూడను. గరిటె అడుగు దాకా దింపి అక్కడి అన్నం తీస్తాను, వాసన చూస్తాను, నాలుగు మెతుకులు వేళ్ల మధ్య నలుపుతాను. జిగురుగా జారితే మూత పెట్టేసి దణ్ణం పెట్టి వచ్చేస్తాను. వాసన రాకపోయినా, ఎప్పుడు వండారో చెప్పలేకపోతే తీసుకోను. ఇంటివాళ్లకు కోపం వస్తుంది. ఆకలితో ఉన్నవాడికి ఏదైనా పర్లేదు కదా అంటారు. వాడికి విరేచనాలు పట్టుకుంటే మర్నాటి కూలి పోతుందండీ. ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

యాంకర్: బాగా చెప్పారు సార్. పెళ్లివారూ, మీ అమ్మాయికి మా అందరి ఆశీస్సులు. తర్వాతి కాల్ మియాపూర్ నుంచి. చెప్పండి మేడమ్.

శ్రోత: నమస్తే. మా అపార్ట్‌మెంట్‌లో వంద ఫ్లాట్లున్నాయి. గేటు బయట ఒక ఫ్రిజ్ పెడదామని నా కోరిక. మిగిలినవి అందులో పెడితే కావాల్సినవాళ్లు తీసుకుంటారు కదా. కానీ మీటింగ్‌లో అందరూ అడ్డం తిరిగారు. ఎవరికైనా ఏదైనా అయితే కేసు మన మీదకు వస్తుంది అంటున్నారు.

సలహాదారు: వాళ్ల భయాన్ని తీసిపారేయకండి మేడమ్. ఎవరూ చూసుకోని ఫ్రిజ్ నెల తిరక్కుండానే కంపు కొడుతుంది. మిగులు భోజనం సేకరణ, పంపిణీ మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో నిబంధనలు తెచ్చింది. మీరు ఒక సంస్థలా పంచాలనుకుంటే రిజిస్ట్రేషన్ సంగతి మీ జిల్లా ఆహార భద్రతా అధికారిని అడిగి మొదలుపెట్టండి. మీటింగ్‌లో ఆ నిబంధనల కాగితం చూపిస్తే సగం టెన్షన్ పోతుంది.

శ్రోత: మొదట ఏం పెట్టమంటారు?

సలహాదారు: ఇంట్లో వండినవి మొదట్లో వద్దు. పళ్లు, కూరగాయలు, సీలు తీయని బ్రెడ్డు, పాల ప్యాకెట్లు, బిస్కెట్లతో మూడు నెలలు నడపండి. కరెంటు పోతే ఎవరు చూస్తారు, రోజూ రాత్రి ఎవరు తుడుస్తారు అన్నది పేర్లతో గోడ మీద రాసి ఉండాలి. అది కుదిరాక వండినవి పెట్టొచ్చు. డబ్బా మీద ఏ వంటకం, శాకాహారమా మాంసాహారమా, ఎప్పుడు వండారు, ఎప్పటిలోగా తినాలి అన్నది స్కెచ్ పెన్నుతో రాయాలి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో, మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల తిండి చెత్తలోకి పోతుందని అంచనా వేసింది. తొక్కలూ గింజలూ కలిపి అనుకోండి. ఆ లెక్కన మీ వంద ఫ్లాట్లలో నాలుగు వందల మంది ఉంటే 22 టన్నులు. ఇది కూడా మీటింగ్‌లో చెప్పండి.

యాంకర్: వరంగల్ నుంచి ఒక స్టూడెంట్ లైన్లో ఉన్నారు.

శ్రోత: అన్నా, మా ఫ్రెండ్స్ బర్త్‌డేలకు కేకు బదులు భోజనం ప్యాకెట్లు పంచుతున్నం. ఫొటోలు పెడితే ఇంకొంతమంది ముందుకొస్తరని పెడుతున్నం. ఒకాయన మాత్రం ప్యాకెట్ తిరిగిచ్చేసిండు. ఎందుకో అర్థం కాలే.

సలహాదారు: ఫొటో తీస్తున్నారనే ఇచ్చేసి ఉంటాడు తమ్ముడూ. ఆయన ఊళ్లో ఆయన్ను గుర్తుపట్టేవాళ్లుంటారు. ప్యాకెట్లు కట్టేటప్పుడు మీ చేతుల ఫొటో తీసుకోండి, తినేవాళ్ల మొహాలు వద్దు. రేపు వీలైతే ఆయన దగ్గరికి ఒక్కడివే వెళ్లి పక్కన కూర్చో. ఏం తింటారని అడుగు. చాలామందికి మన బిర్యానీ ప్యాకెట్ కన్నా వేడి ఇడ్లీ, టీ ఇష్టం. మనం అడగం, అంతే.

యాంకర్: కోనసీమ నుంచి ఒక అమ్మమ్మ గారు చాలాసేపటి నుంచి ఎదురుచూస్తున్నారు. చెప్పండమ్మా.

శ్రోత: అమ్మాయ్, మాది పి.గన్నవరం దగ్గరమ్మా. డొక్కా సీతమ్మ గారి ఊరి పక్కన.

సలహాదారు: నమస్కారమమ్మా. ఆ తల్లి 1909లో పోయారు. ఇవాళ మన ఆంధ్రలో బడిపిల్లలకు పెట్టే మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టుకున్నాం.

శ్రోత: అవును నాయనా. గోదావరి దాటొచ్చినవాళ్లు ఏ వేళప్పుడు తలుపు తట్టినా లేచి పెట్టేదట. మా అత్తగారు చెప్పేవారు. నాకంత ఓపిక లేదు. రోజూ ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఓ గుప్పెడు తీసి డబ్బాలో వేస్తన్నా. నెలకు రెండు కేజీల దాకా అవుతున్నాయి. ఇంత కొంచెం ఎవరికివ్వాలి?

సలహాదారు: ఆ డబ్బా ఎక్కడికీ పంపకండమ్మా. మీ వీధిలోనే పొయ్యి వెలిగించుకోలేని వాళ్లెవరైనా ఉన్నారా?

శ్రోత: ఉందయ్యా, మా వెనకింట్లో ఓ ముసలమ్మ. కళ్లు కనపడవు. కొడుకు హైదరాబాదులో ఉంటాడు. అడగదు, పౌరుషం.

సలహాదారు: అయితే బియ్యంగా ఇవ్వకండి. మీకు వండుకునేటప్పుడే ఆ గుప్పెడూ ఎసట్లో వేసేయండి. క్యారేజీ పట్టుకెళ్లి అక్కడే మీరూ తినండి. కూరెలా కుదిరిందో రుచి చూసి చెప్పమనండి.

శ్రోత: అది బాగుందయ్యా. నాకూ ఒక్కదాన్నీ తినబుద్ధి కావట్లేదు.

యాంకర్: సంతోషమమ్మా. సమయం దగ్గర పడింది. ఆఖరి కాల్, విజయవాడ భవానీపురం నుంచి.

శ్రోత: సార్, నేను ఆటో తోలతాను. అందరూ ఇస్తున్నారు. నా దగ్గర ఇవ్వడానికేం లేదు. రోజూ రాత్రి పెద్దాసుపత్రి ముందు నుంచే వెళ్తాను. పేషెంట్ల తాలూకు మనుషులు బయట చాపలేసుకుని పడుకుంటారు. అన్న క్యాంటీన్లో 5 రూపాయలకు తింటారు గానీ, అది మూసేశాక ఊళ్ల నుంచి దిగినవాళ్లు అరటిపండుతో సరిపెట్టుకుంటారు. నేనేం చేయగలను సార్?

సలహాదారు: నా దగ్గర లేనిదే మీ దగ్గరుందన్నా. అన్నం ఇచ్చేవాళ్లున్నారు, డబ్బులిచ్చేవాళ్లున్నారు. బండి దొరక్క వదిలేసిన రాత్రులు ఈ పన్నెండేళ్లలో లెక్కలేనన్ని. మాకున్నది ఒక్క పాత వ్యాను. అది బెంజి సర్కిల్ దగ్గర ఉంటే వన్ టౌన్‌లో ఫోన్ మోగుతుంది. ఎన్నింటికి ఖాళీ అవుతారు?

శ్రోత: తొమ్మిదిన్నరకు ఆఖరి బేరం సార్.

సలహాదారు: పావుగంట ముందు కుదురుతుందా? పటమటలో ఇవాళ ఒక గృహప్రవేశం ఉంది, అరవై మందికి సరిపడా అన్నం, సాంబారు తొమ్మిదింటికల్లా పక్కన పెడతామన్నారు. డీజిల్ డబ్బులు మేమిస్తాం.

శ్రోత: గ్యాసు బండి సార్. డబ్బులొద్దు. వెనక సీటు తీసేస్తే రెండు గుండిగలు పడతాయి.

సలహాదారు: సీటు తీయొద్దు, వడ్డించడానికి నేనూ ఎక్కాలి. లైన్లోనే ఉండండన్నా, అడ్రస్ చెబుతాను.