సముద్రపు నీటి సీసా ముందు వరుస

(దృశ్యం: తెల్లవారుజాము. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట. నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు.)

నెల్లూరు జిల్లాలో రొయ్యల సాగు చేసే రైతులకు ఆక్సిజన్ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. రాత్రంతా గుంటలోని జీవులన్నీ పీల్చుకోగా తెల్లవారేసరికి నీటిలో డీవో, అంటే కరిగి ఉన్న ఆక్సిజన్, అడుగంటుతుందనీ, అప్పుడు రొయ్యలు పైకి తేలుతాయనీ వారికి తెలుసు. అందుకే చిన్న సీసాలో నీళ్లు పట్టి, కిట్‌లోని మందులు చుక్కలుగా వేసి, రంగు చూసి, ఏరియేటర్లు ఎన్ని తిప్పాలో నిర్ణయించుకుంటారు. ఆ పరీక్షకు మూలమైన పద్ధతిని 1888లో వింక్లర్ అనే హంగేరీ రసాయన శాస్త్రవేత్త రూపొందించారు. బంగాళాఖాతంలో తిరిగే పరిశోధక నౌకల మీద నేటికీ అదే పద్ధతి చెల్లుబాటవుతోంది. ఆ నౌకల మీద పనిచేసే నిపుణులను, ఒక నీటి సీసా ముందు వారు నిలబడే వరుసను బట్టి, ఈ వీడియోలో పరిచయం చేస్తాను.

(దృశ్యం: నౌక డెక్. గుండ్రటి లోహపు చట్రంలో నిలువుగా అమర్చిన బూడిదరంగు సీసాలు.)

ఈ చట్రాన్ని రోజెట్ అంటారు. ఇందులో సాధారణంగా 12 లేదా 24 పొడవాటి సీసాలు, వాటితోపాటు ఉప్పదనాన్నీ ఉష్ణోగ్రతనూ లోతునూ కొలిచే సీటీడీ పరికరం ఉంటాయి. సెకనుకు సుమారు 1 మీటరు వేగంతో దించితే 3000 మీటర్ల లోతుకు చేరడానికే 50 నిమిషాలు పడుతుంది. రెండు వైపులా మూతలు తెరుచుకుని దిగిన సీసాలు, తిరిగి పైకి వచ్చేటప్పుడు, ల్యాబ్‌లో కంప్యూటర్ తెర మీది గీతలను చూస్తూ భౌతిక సముద్ర శాస్త్రవేత్త ఎంచిన లోతుల్లో ఒక్కొక్కటిగా మూసుకుంటాయి. నౌక అలల మీద ఊగినప్పుడు ఉక్కు తీగ ఒక్కసారి సడలి బిగిసిందంటే తెగిపోవచ్చు, అప్పుడు పరికరమంతా సముద్రం పాలవుతుంది. పత్రికల్లో ప్రధాన శాస్త్రవేత్త ఫొటో పడుతుంది గానీ, రోజెట్‌ను దించి పైకి తెచ్చే ఆ రెండు గంటలూ యాత్ర మొత్తం, తీగను చుట్టే వించ్ యంత్రాన్ని నడిపే ఆపరేటర్ చేతిలోనే ఉంటుందని నేను అంటాను.

రోజెట్ డెక్ మీదికి రాగానే వరుస మొదలవుతుంది. ఇందులో హోదా లెక్కలోకి రాదు, పరిశోధక విద్యార్థి ముందు నిలబడి ప్రొఫెసర్ వెనుక ఆగే సందర్భాలు మామూలే. గాలి తగిలితే మారిపోయేవాటిని ముందు పట్టాలి గనుక ఆక్సిజన్ నమూనా మొదట్లోనే తీస్తారు. రబ్బరు గొట్టాన్ని గాజు సీసా అడుగుదాకా దించి, ఒక్క బుడగ కూడా చేరకుండా నీటిని నింపి, పైనుంచి పొర్లిపోనిచ్చి, మాంగనీస్ లవణం ద్రావణాన్నీ క్షారం కలిపిన అయొడైడ్ ద్రావణాన్నీ వేసి, మూత బిగించి కుదుపుతారు. ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు అవక్షేపం మడ్డిలాగా దిగుతుంది. బంగాళాఖాతంలో కొన్ని వందల మీటర్ల లోతు నుంచి తెచ్చిన నీటిలో మాత్రం అది దాదాపు తెల్లగానే ఉండిపోతుంది. అర్ధరాత్రి షిఫ్టులో ఆ తెల్లటి సీసాను దీపం ముందు పట్టుకున్న వారికి, అక్కడ చేప బతకదన్న సంగతి అంకె రాకముందే తెలిసిపోతుంది.

దీనికి కారణం రైతులకు కొత్తది కాదు. తినగా మిగిలిన మేత గుంట అడుగున కుళ్లి ఆక్సిజన్‌ను లాగేసినట్టే, పై నీటిలో చచ్చిన ప్లవకాలు (నీటిలో తేలాడే సూక్ష్మజీవాలు) కిందికి దిగుతూ కుళ్లిపోయి అక్కడి ఆక్సిజన్‌ను హరిస్తాయి. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కావడంతో పైన పొరగా పరుచుకుని, రెండు నీళ్లనూ కలవనివ్వదు. అక్కడ తిప్పడానికి ఏరియేటర్లు లేవు.

ఇక్కడ రసాయన శాస్త్రవేత్త పని ఆగిపోతుంది, ఎందుకంటే వింక్లర్ పద్ధతి సున్నాకూ లేశానికీ తేడా చెప్పజాలదు. అత్యంత సున్నితమైన సెన్సార్లతో కొలిచి, బంగాళాఖాతంలో ఆక్సిజన్ పూర్తిగా ఖాళీ కాలేదనీ, సూక్ష్మజీవుల చర్య వల్ల నైట్రోజన్ వాయు రూపంలో పెద్ద ఎత్తున తప్పించుకుపోకుండా ఆ లేశమే ఆపుతోందనీ 2017లో పరిశోధకులు ప్రకటించారు. ఇంత సంగతి తేలాలంటే సూక్ష్మజీవ శాస్త్రవేత్త కూడా అదే వరుసలో ఉండాలి.

(దృశ్యం: జువ్వలదిన్నె చేపల రేవు. బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న పడవలు.)

నౌక మీది వరుసలో తరువాత, నీటిలోని పోషకాలను కొలిచేవారు వస్తారు. వారి వెనుక జీవశాస్త్రవేత్తలు లీటర్ల కొద్దీ నీటిని వడపోసి, కాగితం మీద మిగిలిన పచ్చటి మరక నుంచి క్లోరోఫిల్‌ను కొలుస్తారు. నీళ్లన్నీ వీరికే సరిపోతాయన్న సణుగుడు ప్రతి యాత్రలోనూ ఉండేదే. అయినా ఉపగ్రహం చూపే సముద్రపు రంగును సరిచూడటానికి ఇలాంటి కొలతలే ఆధారం. ఆ రంగునూ సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతనూ కలిపి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్లను సూచిస్తుంది, ఆ సమాచారం జువ్వలదిన్నె, కొత్తపట్నం మత్స్యకారులకు పనికొస్తుంది.

అందరికంటే చివర ఉప్పు నమూనా తీస్తారు, అది గాలిలోకి ఎగిరిపోదు గదా. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నింపి, మూత బిగించి పెట్టెలో సర్దుతారు. ఆ పెట్టె ల్యాబ్ గది ఉష్ణోగ్రతకు వచ్చేలోగా నౌక నమూనాలు తీసే తరువాతి చోటికి, అంటే స్టేషన్‌కు, చేరుతుంది, వించ్ ఆపరేటర్ మళ్లీ చేతి తొడుగులు వేసుకుంటాడు.