పేగులు అతుక్కున్నాయంటే ఏమి?

హోస్ట్: మేడం, మా కర్నూల్లో ఏ ఇంట్లో అడిగినా ఒక గర్భసంచి ఆపరేషనో, అపెండిక్సో, సిజేరియనో ఉంటుంది. మా చిన్నమ్మకూ అయింది. కొన్నేండ్లకు కడుపునొప్పని పోతే "పేగులు అతుక్కున్నాయి" అన్నారంట. లోపల గమ్మేమన్నా పోసినారా అని అడుగుతాంది.

డాక్టర్: (నవ్వు) పోసుకునింది ఆమె ఒళ్లే. పేగుల మీద పల్చని పొర ఉంటుంది, పెరిటోనియం అంటాం. అది గీసుకుపోయినా, ఎండినా అక్కడ ఫైబ్రిన్ అనే జిగురు ఊరుతుంది. మామూలుగా ఒళ్లే దాన్ని కరిగించుకుంటుంది. కరగక మిగిలిన చోట కణాలు చేరి గట్టి నార తయారవుతుంది. ఆ పొర మానేదే వారం రోజుల్లో. అతుకు పడేదీ లేనిదీ దాదాపు అప్పుడే తేలిపోతుంది.

హోస్ట్: ఆ వారం ఏం చేయాల? మా వీధిలో పప్పు పెట్టొద్దంటారు, చీము పడుతుందని.

డాక్టర్: డాక్టరు తినొచ్చు అన్నాక పప్పు పెట్టు నాయనా! పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. నడవమంటాం, అది కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. నడిస్తే అతుకులు రావని మాత్రం చెప్పను. ఇందులో పేషెంటు చేతిలో ఉండేది తక్కువ, సర్జన్ చేతిలోదే ఎక్కువ.

హోస్ట్: అంటే?

డాక్టర్: కడుపు తెరిచి లైట్ల కింద పెడితే పేగు తడారిపోతుంది. సెలైన్‌లో తడిపిన గుడ్డ కప్పాల. పొడి గుడ్డతో తుడిస్తే పొర గీసుకుపోతుంది, పోగులు లోపలే ఉండిపోతాయి. రక్తం నిలవనీయకూడదు. గ్లవ్స్ పౌడర్ కూడా అతుకులు పెంచుతుంది, అమెరికాలో 2017లో పౌడర్ గ్లవ్స్‌నే నిషేధించినారు. కుదిరినచోట ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో ఆపరేషన్, చేస్తే తగ్గుతాయి. అస్సలు రావని కాదు.

హోస్ట్: మధ్యలో ఏదో పొర పెడతారంట?

డాక్టర్: హయలురోనేట్ అనే పదార్థంతో చేసిన పల్చని ఫిల్ము. పేగుకూ కడుపు గోడకూ మధ్యలో పరిస్తే కొద్దిరోజుల్లో కరిగిపోతుంది. అతుకులు తగ్గిస్తుంది గానీ ఖరీదు, పైగా తడి చేతికి తగిలితే అంటుకుపోయి చిరాకు పెడుతుంది. పేగును కోసి కలిపిన కుట్టు చుట్టూ మాత్రం చుట్టకూడదు, లీకయ్యే ప్రమాదముంది.

హోస్ట్: మసాజు, మాత్రలు?

డాక్టర్: పడిన అతుకును కరిగించే మాత్ర లేదు. కోసి విడదీసినా మళ్లీ పడొచ్చు, అందుకే ఊరికే జోలికి పోం. చాలామందికి అవి ఉన్నట్టు కూడా తెలియదు. స్కానింగ్‌లో నేరుగా కనపడేది కూడా అరుదే. మీ చిన్నమ్మ నొప్పికి వేరే కారణం లేదని ముందు తేల్చుకోండి. ప్రతి నొప్పినీ అతుకుల మీదికి తోసేయడం మా వాళ్లకూ అలవాటే.

హోస్ట్: మరి భయపడాల్సింది ఎప్పుడు?

డాక్టర్: కడుపు మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి పోతూ, ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే. అతుకు వల్ల పేగు మూసుకుపోయి ఉండొచ్చు. ఆముదం, సోడా అని తాగించొద్దు, ఆ రాత్రే క్యాజువాలిటీకి పోవాల. ముక్కులో ట్యూబు వేసి, సెలైన్ పెడితే చాలామందికి కోయకుండానే తగ్గుతుంది. ఆలస్యమైతే పేగు నల్లబడి, ఆ ముక్క తీసేయాల్సి రావచ్చు. పోయేటప్పుడు పాత ఆపరేషన్ కాగితం తీసుకుపోండి, పదేండ్ల నాటిదైనా సరే. ఎప్పుడు కోసినారు, ఏం తీసినారు అనేదే మేం ముందు అడుగుతాం.

హోస్ట్: ఆ కాగితం మా చిన్నమ్మ బియ్యం డబ్బాలో పెట్టింది మేడం.

డాక్టర్: ఫోటో తీసి నీ ఫోన్లో పెట్టుకో.