కంపెనీ స్టీరియో విప్పే ముందు

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఈ భాగానికి ఎంచుకున్న విషయం నా సొంత అవసరం నుంచి వచ్చింది. నా కారుకు ఎనిమిదేళ్లు నిండాయి. ఇంజను బాగానే నడుస్తోంది కానీ, డాష్‌బోర్డు మధ్యలో కంపెనీ బిగించి ఇచ్చిన స్టీరియోలో ఫోన్‌లోని మ్యాపు కనిపించదు, శబ్దం కూడా పలుచగా ఉంటుంది. దాన్ని తీయించి కొత్త సెట్టు పెట్టించుకుందామనుకున్నాను. అయితే ఏసీ ఎంతమీద నడుస్తోందో చూపేది కూడా ఆ తెరేనని ఒకరోజు గమనించి, విప్పితే ఏమవుతుందోనని ఆగిపోయాను. కార్లలో విద్యుత్ పనులు, ఆడియో పనులు చాలా ఏళ్లుగా చేస్తున్న మిత్రులు ఈరోజు మనతో ఉన్నారు. నమస్కారమండీ.

అతిథి: నమస్కారమండీ. మీరు ఆగడం మంచి పనే. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది సెట్టు కొనేసి, డబ్బా చేతిలో పట్టుకుని వస్తారు. దాన్ని వారి కారులో పెట్టవచ్చా అన్నది అప్పుడు మొదలుపెట్టి చూడవలసి వస్తుంది. నిజానికి అడగవలసిన మొదటి ప్రశ్న కొత్త సెట్టు ఏది బాగుంటుందని కాదు, పాత సెట్టు మీ కారులో ఏయే పనులు చేస్తోందని.

వ్యాఖ్యాత: పాటలు వినిపించే పెట్టెకు అన్ని పనులు ఎప్పుడు అంటుకున్నాయి?

అతిథి: ఒకప్పుడు అది నిజంగా పాటల పెట్టే. జర్మనీ ప్రమాణాల సంస్థ పేరుతో వచ్చిన డిన్ కొలతే తర్వాత ఐఎస్‌ఓ 7736 అనే అంతర్జాతీయ ప్రమాణమై, డాష్‌బోర్డులో కూర్చునే సెట్టు ముందుభాగాన్ని 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తుగా స్థిరపరచింది. ఎత్తు రెట్టింపయితే దాన్ని డబుల్ డిన్ అన్నారు. ఏ కంపెనీ సెట్టయినా ఏ కారులోనైనా దాదాపుగా అమరేది. దానికి వచ్చే వైర్లు కూడా కొన్నే. ఎప్పుడూ 12 వోల్టులు ఉండే పసుపు వైరు, తాళం తిప్పితే కరెంటు వచ్చే ఎరుపు వైరు, ఎర్తింగ్‌కు నలుపు వైరు, ఆపైన నాలుగు జతల స్పీకరు వైర్లు. బయట కొనే సెట్లకు ఈ రంగులు ఇప్పటికీ ఇవే. కారు వెంట వచ్చిన వైరింగులో మాత్రం రంగులు కంపెనీకొక రకంగా ఉంటాయి కాబట్టి, రంగును నమ్మకుండా మల్టీమీటరుతో కొలిచి చూసుకోవాలి. ఆ కాలంలో సెట్టు ఊడదీస్తే పాట ఆగేది, అంతకుమించి కారులో దేనికీ ఏమీ అయ్యేది కాదు.

వ్యాఖ్యాత: ఆ పరిస్థితి మారింది ఎందువల్ల?

అతిథి: ప్రతి స్విచ్చుకూ ప్రతి దీపానికీ విడివిడిగా వైరు లాగుతూ పోతే కారులో వైరింగు మోయలేనంత పెరిగిపోతుంది. దానికి విరుగుడుగా బాష్ సంస్థ 1983లో పని మొదలుపెట్టి, 1986లో క్యాన్ అనే పద్ధతిని లోకానికి చూపింది. మెలిపెట్టిన రెండే రెండు వైర్ల మీద కారులోని యూనిట్లన్నీ, అంటే ఒక్కో పనిని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలన్నీ, ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటాయి. 1991లో వచ్చిన మెర్సిడెస్ ఎస్ క్లాసు దానితో రోడ్డెక్కింది. ఆ తర్వాత స్టీరియో కూడా ఆ రెండు వైర్లకే చేరింది. తలుపు తెరిచారని, రివర్సు గేరు వేశారని, వేగం పెరిగిందని అది ఆ వైర్ల మీద వింటుంది, తానూ మాట్లాడుతుంది. అందువల్ల దాన్ని తీసేస్తే మిగతా యూనిట్లు జవాబు రాని సందేశాల కోసం ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు.

వ్యాఖ్యాత: నా కారులో ఏసీ సంగతి కూడా అంతేనా?

అతిథి: అది రెండు రకాలుగా ఉండవచ్చు. కొన్ని కార్లలో ఏసీని నడిపే యూనిట్ వేరుగా ఉండి, స్టీరియో తెరను అంకెలు చూపడానికి మాత్రమే వాడుకుంటుంది. అక్కడ సెట్టు తీసినా గాలి వస్తుంది, ఎంతమీద పెట్టారో మాత్రం కనబడదు. ఇంకొన్నింటిలో ఉష్ణోగ్రత మార్చే బటన్లు కూడా తెరలోనే ఉంటాయి. ఆ తెర పోతే ఏసీకి ఆజ్ఞ ఇచ్చే దారే పోతుంది. మీరు ఒక సాయంత్రం కాగితం, కలం పట్టుకుని కారులో కూర్చోండి. తెరమీది ప్రతి మెనూ తెరిచి, అక్కడ మార్చగలిగినవన్నీ రాయండి. కారు కదలగానే తలుపులు వాటంతటవే లాక్ కావడం, దిగాక హెడ్‌లైట్లు ఎంతసేపు వెలగాలన్నది, గడియారం, ఇలాంటివి చాలా కార్లలో అక్కడే ఉంటాయి. తర్వాత చెవులతో వెతకండి. సీటు బెల్టు పెట్టుకోకపోతే వచ్చే మోత, వెనక గోడ దగ్గరపడుతుంటే వచ్చే బీప్ ఎక్కడి నుంచి వస్తున్నాయో శ్రద్ధగా వినండి. జనరల్ మోటార్స్ కార్లు చాలావాటిలో ఆ హెచ్చరికలు రేడియో గుండా స్పీకర్లలోనే వినిపిస్తాయి. అలాంటి కారులో సెట్టును ఊరికే తీసేస్తే హెచ్చరికలన్నీ మూగబోతాయి. పాట లేకపోతే మనకే తెలుస్తుంది, హెచ్చరిక లేదన్న సంగతి మాత్రం ప్రమాదం జరిగేదాకా తెలియదు. ఆ కాగితం నింపకుండా నేను స్క్రూడ్రైవరు పట్టుకోను.

వ్యాఖ్యాత: స్టీరింగ్ మీది బటన్ల గురించి చాలామంది అడుగుతారు. అవి కొత్త సెట్టుకు పనిచేస్తాయా?

అతిథి: చేయించవచ్చు. పాత పద్ధతిలో ఒకే వైరు మీద ఒక్కో బటనుకు ఒక్కో విలువ గల రెసిస్టర్, అంటే కరెంటును అడ్డుకునే చిన్న భాగం, ఉంటుంది. నొక్కినప్పుడు వోల్టేజీ ఎంత మారిందో చూసి, నొక్కినది ఏ బటనో సెట్టు గుర్తుపడుతుంది. బయటి సెట్లలో చాలావాటికి ఆ విలువలు నేర్పవచ్చు. కొత్త కార్లలో బటను నొక్కితే అది సందేశంగా మారి క్యాన్ మీదికి వెళ్తుంది. బయటి సెట్టుకు ఆ భాష రాదు కాబట్టి, మధ్యలో అనువాదకుడిలా ఒక ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ పెట్టాలి. మెట్రా, ప్యాక్, ఐడేటాలింక్ వంటి సంస్థలు వీటిని కారు మోడలు, తయారైన సంవత్సరం బట్టి చేస్తాయి. మంచి మాడ్యూల్ బటన్లతో పాటు హెచ్చరిక శబ్దాలు, రివర్సు సంకేతం కూడా నిలబెడుతుంది. కొన్ని మోడళ్లకైతే ఏసీ అంకెలను కొత్త సెట్టు తెరమీదికి తెస్తుంది. మీ కారు పేరు, సంవత్సరం ఆ మాడ్యూల్ పట్టికలో లేకపోతే, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా ముందుకు వెళ్లకండి.

వ్యాఖ్యాత: రివర్స్ కెమెరా ఎలాగండీ?

అతిథి: కెమెరాకు ఎన్ని వోల్టులు కావాలో ముందుగా తెలుసుకోవాలి. కంపెనీ కెమెరాలు కొన్ని 6 వోల్టులతో నడుస్తాయి. వాటికి నేరుగా 12 వోల్టులు ఇస్తే మాడిపోతాయి. అమెరికాలో 2018 మే 1 నుంచి తయారైన తేలికపాటి వాహనాలన్నింటికీ వెనక దృశ్యం చూపే ఏర్పాటు తప్పనిసరి. అంటే అది అలంకారం కాదు, బ్రేకుల వరసలో లెక్కించవలసిన భద్రతా సాధనం. కొత్త సెట్టు పెట్టాక రివర్సు వేసిన వెంటనే బొమ్మ రావాలి. ఆలస్యంగా వస్తే పని పూర్తికానట్టే.

వ్యాఖ్యాత: శబ్దం విషయానికి వద్దాం. నా కారులో సీటు కింద విడిగా ఒక ఆంప్లిఫయర్ ఉందని విన్నాను.

అతిథి: అది ఉంటే పని మరింత జాగ్రత్తగా చేయాలి. కంపెనీ ఆంప్లిఫయర్లలో కొన్ని తాళం తిప్పగానే మేల్కొనవు. స్టీరియో నుంచి సందేశం అందితేనే మేల్కొంటాయి. సెట్టు మార్చాక అన్ని వైర్లూ సరిగా కలిపినా శబ్దం రాకపోవడానికి తరచుగా ఇదే కారణం. కొన్ని ఖరీదైన కార్లలో ఆంప్లిఫయరుకు రాగి వైరుకు బదులు కాంతితో నడిచే ఫైబరు ఉంటుంది. ఆ పద్ధతి పేరు మోస్ట్. 2001లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్ దానితో మొదలైంది. అందులో యూనిట్లన్నీ చేతులు పట్టుకుని వలయంగా నిలబడినట్టు ఉంటాయి. ఒకరు చేయి వదిలితే వలయం తెగి, మొత్తం ఆడియో వ్యవస్థ నిశ్శబ్దమైపోతుంది. అలాంటి కారులో ఆ వలయాన్ని తిరిగి కలిపే ఇంటర్‌ఫేస్ దొరికితే తప్ప సెట్టు మార్చవద్దనే నేను చెబుతాను.

వ్యాఖ్యాత: మీ అనుభవంలో బాధపెట్టిన సందర్భం ఏదైనా ఉందా?

అతిథి: ఉంది. తొలిరోజుల్లో ఒక కారుకు సెట్టు బిగించాను. పాట, కెమెరా, బటన్లు అన్నీ పనిచేశాయి, యజమాని సంతోషంగా తీసుకెళ్లారు. నాలుగు రోజులు కారు తీయలేదట. అయిదో రోజు ఆసుపత్రికి బయలుదేరబోతే స్టార్టు కాలేదు. తాళంచెవి తీశాక కూడా నేను పెట్టిన ఇంటర్‌ఫేస్ నిద్రపోకుండా క్యాన్ మీద మాట్లాడుతూనే ఉంది. అది మాట్లాడుతున్నంతసేపూ మిగతా యూనిట్లు కూడా మేల్కొనే ఉన్నాయి. కొలిచి చూస్తే అర ఆంపియరు పోతోంది. 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ అర ఆంపియరు చొప్పున 120 గంటల్లో, అంటే అయిదు రోజుల్లో, పూర్తిగా ఖాళీ అవుతుంది. స్టార్టు చేసే శక్తి అంతకంటే ముందే పోతుంది. ఆరోజు వారు పడిన ఇబ్బందికి కారణం నేనే. అప్పటి నుంచి పని అయ్యాక కారు లాక్ చేసి, యూనిట్లన్నీ నిద్రపోయేదాకా ఆగి, బ్యాటరీ దగ్గర కరెంటు కొలవకుండా ఏ కారునూ పంపలేదు. సాధారణంగా అది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి.

వ్యాఖ్యాత: విప్పేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు కూడా చెప్పండి.

అతిథి: తాళంచెవి తీసేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, కారు మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగులు ఉంటాయి కాబట్టి ఇందులో తొందర కూడదు. చాలా కార్లలో హజార్డ్ స్విచ్చు, ముందు సీటు ఎయిర్‌బ్యాగు సూచిక దీపం స్టీరియో చుట్టూ ఉండే ప్యానెల్లోనే ఉంటాయి. వాటి కప్లర్లు, అంటే వైర్లను కలిపే ప్లగ్గులు, ఊడదీసి ఉండగా తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపం వెలిగి, తర్వాత అన్నీ కలిపినా ఆరకపోవచ్చు. కారులో నమోదైన ఆ లోపాన్ని స్కానరుతో తుడవవలసి వస్తుంది. ప్యానెల్ క్లిప్పులకు ప్లాస్టిక్ పనిముట్లే వాడాలి. కంపెనీ వైరింగును మాత్రం ఎన్నటికీ కోయకూడదు. మీ కారు కప్లరుకు సరిపోయే హార్నెస్, అంటే ప్లగ్గుతో వచ్చే వైర్ల కట్ట, కొని, కొత్త సెట్టు వైర్లను దానికి కలపాలి. అప్పుడు పాత సెట్టును ఎప్పుడు కావాలన్నా తిరిగి బిగించుకోవచ్చు. రేడియో పట్టడం తగ్గిందని వచ్చేవారిలో చాలామందికి, యాంటెన్నాలోని చిన్న ఆంప్లిఫయరుకు కరెంటు ఇవ్వడం బిగించినవారు మరచిపోయి ఉంటారు. క్యాన్ సందేశాలు నడిచే ఆ రెండు డేటా వైర్ల మీద టెస్ట్ ల్యాంపు పెట్టకూడదు. బ్యాటరీ విప్పి ఉండగా ఆ రెండు వైర్ల మధ్య ఓమ్‌లు కొలిస్తే మామూలుగా 60 రావాలి. సెట్టు ఊడదీశాక అది 120 అయితే, లైను చివర ఉండే రెసిస్టర్ ఆ సెట్టులోనే ఉందని అర్థం. దాని స్థానంలో 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టకుండా మూసేస్తే సందేశాలు చెడిపోతాయి.

వ్యాఖ్యాత: ఇదంతా విన్నాక, నా సెట్టు మార్చాలా వద్దా అన్న సందేహం పెరిగింది.

అతిథి: మీకు కావలసినవి రెండే కదా, మ్యాపు, మంచి శబ్దం. ఆ రెండింటికీ సెట్టు మార్చకుండా కూడా దారులున్నాయి. మీ తెరకే ఫోను బొమ్మను అందించే వీడియో ఇంటర్‌ఫేస్ మీ మోడలుకు దొరికితే, కార్‌ప్లే గానీ ఆండ్రాయిడ్ ఆటో గానీ అదే తెరమీద నడుస్తుంది. ఏసీ అంకెలు, బీప్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. శబ్దం కోసం పాత సెట్టు నుంచి సిగ్నలు తీసుకుని, శబ్దాన్ని సరిదిద్దే డీఎస్‌పీ అనే డిజిటల్ ప్రాసెసర్, దానికి తగిన ఆంప్లిఫయరు, స్పీకర్లు పెట్టవచ్చు. కంపెనీ సెట్టు చిన్న స్పీకర్లను కాపాడటానికి బేస్‌ను, అంటే లోతైన శబ్దాలను, తగ్గించి పంపుతుంది. డీఎస్‌పీ దాన్ని చాలావరకు సరిచేస్తుంది. ఏసీ బటన్లు తెరలో ఉన్న కారుకు నేను మొదట సూచించేది ఈ దారే. తెర పూర్తిగా చెడిపోయి, మీ మోడలుకు పూర్తి ఇంటర్‌ఫేస్ దొరికినప్పుడు మాత్రం మార్చడమే మేలు.

వ్యాఖ్యాత: నా కారులో ఏసీకి కింద విడిగా గుండ్రటి నాబ్‌లు ఉన్నాయి, తెరమీద అంకెలు మాత్రమే కనిపిస్తాయి. వెనక బీప్ ఎక్కడి నుంచి వస్తోందో నేను ఇంతవరకూ గమనించలేదు.

అతిథి: అయితే ఈ సాయంత్రం ఒకరిని వెనక నిలబెట్టి, మెల్లగా రివర్సు చేస్తూ వినండి. తర్వాత సీటు కింద చూసి, ఆంప్లిఫయరుకు వెళ్లే కప్లర్లలో సన్నని ప్లాస్టిక్ ఫైబర్ల జత ఉందో, అన్నీ రాగి వైర్లేనో ఫోటో తీసి నాకు పంపండి. దేన్నీ ఊడదీయకండి. ఆ ఫోటో, మీరు నింపిన కాగితం చూశాక ఏ మాడ్యూల్ కావాలో, అసలు కావాలో వద్దో చెబుతాను.